పరుగులో ఉన్న బండికి గాలి పోతే

అందరికీ నమస్కారం. మాట్లాడటం మొదలుపెట్టే ముందు మీతో ఒక పని చేయించాలి. చేతుల్లో ఉన్న ఫోన్లు పక్కన పెట్టండి. రెండు చేతులూ చాచి బండి హ్యాండిల్ పట్టుకున్నట్టు ఉంచండి. కుడిచేతి వేళ్ళు రెండు ఫ్రంట్ బ్రేక్ మీద ఊరికే ఆనించండి, మనలో చాలామంది నడిపేది అలాగే కదా. ఇప్పుడు కళ్ళు మూసుకోండి. ఖాళీ రోడ్డు, అరవై స్పీడు, హాయిగా వెళ్తున్నారు...

(బల్ల మీద గట్టిగా చరిచి)

కళ్ళు తెరవండి. ఆ చప్పుడుకి ఏం జరిగిందో మీకు కనపడలేదు, నాకు కనపడింది. ముందు రెండు వరుసల్లో దాదాపు అందరి వేళ్ళూ ఠక్కున మూసుకున్నాయి. అదిగో, ఆ నల్ల చొక్కా అబ్బాయి ఇంకా తెరవనేలేదు. తప్పేం కాదు నాయనా, నేనైనా అంతే. భయం వేస్తే చెయ్యి బిగుసుకుంటుంది, అది మనం చెప్పి చేయించే పని కాదు. కాకపోతే బండి మీద ఆ వేళ్ళ కింద బ్రేక్ ఉంటుంది. ఇవాళ నేను చెప్పేదంతా ఆ వేళ్ళ గురించే.

నా సంగతే చెప్తాను. ఒకసారి నేనూ మా బామ్మర్దీ ఒకే బండి మీద హైవే ఎక్కాం. స్పోకుల చక్రాలు, ట్యూబు టైర్లు. వెనక వాడు, వాడి వీపున బరువైన బ్యాగు. స్పీడు అరవైకీ అరవై అయిదుకీ మధ్య. కాసేపటికి బండి ఏదో తేడాగా అనిపించింది. వెనక భాగం మెల్లగా అటూ ఇటూ ఒరుగుతోంది. "కదలకుండా కూర్చోరా" అన్నాను. "నేను కదల్లేదు బావా" అన్నాడు. "మరి బ్యాగు సర్దుకుంటున్నావా?" "లేదు బావా, ఒట్టు."

ఈ మాటలకి పట్టిన అయిదారు సెకన్లే నాకు దొరికిన టైము. దాన్ని కాస్తా వాడితో వాదించడానికి ఖర్చు పెట్టేశాను. ఆ తర్వాత వెనక చక్రం కుక్క తోకలా ఊగడం మొదలైంది. నా కాలు వెనక బ్రేక్ మీద పడింది. తొక్కానన్న సంగతి కూడా నాకు తెలీదు. చక్రం బిగుసుకుపోయి బండి అడ్డం తిరగబోయింది. ఆ భయానికి కాలు దానంతటదే పైకి లేచింది, బండి మళ్ళీ దారికొచ్చింది. ఊగుతూ ఊగుతూనే వేగం తగ్గి, రోడ్డు పక్క మట్టిలోకి దిగి ఆగాం.

చాలా రోజులు ఇది నా డ్రైవింగ్ గొప్పతనమనే చెప్పుకు తిరిగాను. కాదు. మొదట భయపడి తప్పు చేశాను, రెండోసారి భయపడి ఆ తప్పు వదిలేశాను. అంతకుమించి అందులో నా తెలివేం లేదు.

తర్వాత పంక్చర్ వేసే పెద్దాయన టైరు విప్పి బోర్లిస్తే లోపల్నుంచి చారెడు నల్లటి పొడి రాలింది. ఇదేంటని అడిగితే "మీ టైరే" అన్నాడు. గాలి తక్కువున్న టైరు తిరిగే ప్రతి చుట్టులోనూ నలుగుతుంది. నలిగి వేడెక్కుతుంది. లోపల టైరూ ట్యూబూ ఒరుసుకుని రబ్బరు అలా పొడి అవుతుంది. ఆయన మేకు కోసం లోపలంతా చెయ్యి పెట్టి తడిమాడు, దొరకలేదు. ట్యూబు వాల్వు మొదట్లో చిరిగి ఉంది. గాలి తక్కువైనప్పుడు టైరు రిమ్ము మీద కొద్దికొద్దిగా జరుగుతుంది, తనతో పాటు ట్యూబునీ లాగుతుంది. వాల్వేమో రిమ్ము కన్నంలో ఇరుక్కుని ఎటూ కదలలేదు. ఇక చిరిగేది ఆ మొదలే. "గాలి చూసి నెలైందా?" అని అడిగాడు పెద్దాయన. నెల కాదు, ఇంకా ఎక్కువే. నేను మాట్లాడలేదు.

బండినీ మనల్నీ మోసేది రబ్బరని అనుకుంటాం. మోసేది లోపలున్న గాలి. రబ్బరు ఆ గాలికి సంచీ. జాన్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరు తయారుచేసి 1888లో పేటెంట్ తీసుకున్నాడు. (అంతకు నలభై ఏళ్ళ ముందే, 1845లో, రాబర్ట్ థామ్సన్ అనే ఆయన ఇలాంటి టైరుకే పేటెంట్ తీసుకున్నాడు. పాపం, ఆయన్ని ఎవరూ తలుచుకోరు.) అప్పటికీ ఇప్పటికీ సూత్రం ఒకటే. ఒక్కో చక్రం కింద నేలని తాకేది మన అరచేయంత చోటు. గాలి ఉన్నంతసేపూ టైరు గోడలు గట్టిగా నిలబడి ఆ అరచేతిని నేలకి అదిమి ఉంచుతాయి. గాలి పోయిందా, గోడలు మెత్తబడతాయి, రిమ్ము వాటి మీద అటూ ఇటూ దొర్లుతుంది. నేను మా బామ్మర్ది కదులుతున్నాడనుకున్నది ఆ దొర్లడాన్నే.

ట్యూబు టైరులో గాలి పోవడం మొదలైతే దాన్ని ఆపేది లేదు. ట్యూబుకీ టైరుకీ మధ్యలోకి వచ్చి, స్పోకుల కన్నాల్లోంచీ వాల్వు కన్నంలోంచీ బయటికి పారిపోతుంది. ట్యూబ్‌లెస్‌లో మేకు దిగితే, చాలాసార్లు లోపలి రబ్బరు పొర ఆ మేకునే గట్టిగా పట్టుకుంటుంది. గుచ్చిన మేకే బిరడా అవుతుందన్నమాట. గాలి గంటల తరబడి సన్నగా పోతుంది. అందుకే ట్యూబ్‌లెస్‌లో మేకు కనిపిస్తే, సరిచేసే సామాను చేతిలో లేకుండా పీకేయకండి. పీకితే బిరడా తీసినట్టే. అలాగని ట్యూబ్‌లెస్ ఉంది కదా అని ధీమా వద్దు. టైరు పక్క గోడ కోసుకుపోయినా, గుంతలో పడి రిమ్ము సొట్టపోయినా అదీ క్షణంలో ఖాళీ అవుతుంది.

ఏ చక్రం పోయిందో ఎలా తెలుస్తుంది? దిగి చూసే వీలు లేదు, శరీరమే చెప్పాలి. వెనకది పోతే సీటు చెప్తుంది. నడుము కింద బండి ఈదుతున్నట్టు ఉంటుంది, ఎత్తేస్తున్నట్టు, తోక ఊపుతున్నట్టు. ముందుది పోతే చేతులు చెప్తాయి. హ్యాండిల్ ఉన్నట్టుండి బరువెక్కుతుంది. తిప్పితే తిరగదు, తిరిగితే తిన్నగా రాదు, ఒక పక్కకి లాగుతుంది, ఒక్కోసారి వణుకుతుంది. రెండిట్లో ముందుదే ప్రమాదం, ఎందుకంటే బండి ఎటు పోవాలో తేల్చేది ఆ చక్రమే. మన అదృష్టం కొద్దీ మేకులు ఎక్కువగా వెనక టైరుకే దిగుతాయి. రోడ్డు మీద పడుకున్న మేకుని ముందు చక్రం తొక్కి లేపుతుంది, వెనక చక్రం వచ్చి దాని మీద ఎక్కుతుంది. మెకానిక్కులు చెప్పే లెక్క ఇది, నాకూ సబబుగానే తోస్తుంది.

ఇప్పుడు వేళ్ళ దగ్గరికొద్దాం. బండి తేడా చేసిందని తెలియగానే మొదటి పని బ్రేకుల మీదున్న వేళ్ళూ కాలూ తీసేయడం. విచిత్రంగా ఉంది కదా, ఆగడానికి బ్రేక్ వదలమంటున్నాను. హ్యాండిల్‌ని రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి, కానీ దాంతో కుస్తీ పట్టకండి. మోకాళ్ళతో ట్యాంకుని నొక్కి పట్టుకోండి. కింది భాగం బండికి అతుక్కుని ఉంటే చేతుల మీద భారం తగ్గుతుంది. చూపు దూరంగా, తిన్నగా పెట్టండి. కిందికి వంగి టైరు చూడబోయారా, బండి కూడా మీ చూపు వెంటే పోతుంది.

యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేయకూడదు. చాలామంది ఇక్కడ పొరబడతారు. బ్రేక్ ముట్టుకోలేదు కదా అనుకుంటారు. కానీ యాక్సిలరేటర్ ఠక్కున వదిలితే ఇంజనే వెనక చక్రాన్ని పట్టి లాగుతుంది, అదీ ఒక బ్రేకే. కుళాయి కట్టేసినట్టు మెల్లగా తిప్పుతూ రండి. గేర్లు దించకండి, దించిన ప్రతిసారీ ఒక కుదుపు. క్లచ్ మొదట్లోనే నొక్కేయమని కొందరు చెప్తారు. చివర్లో, బండి బాగా నెమ్మదించాక నొక్కండి అని నా మాట. భయంలో ఉన్న మనిషికి నాలుగు పనులు ఒకేసారి చెప్తే నాలుగూ చెడగొడతాడు.

లెక్క ఒకటి చూడండి. అరవై స్పీడులో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. మూడు సెకన్లంటే 50 మీటర్లు. ముందు రోడ్డు ఖాళీగా ఉంటే ఆ 50 మీటర్లు, ఇంకో వంద మీటర్లు కూడా పోనివ్వండి, ఏం కొంప మునగదు. గాలి లేని టైరుకి ఈడ్చుకుపోయే గుణం ఎక్కువ కాబట్టి బండి దానంతటదే నెమ్మదిస్తుంది.

ఖాళీ లేదు, ముందు లారీ ఉంది, ఆపక తప్పదు. అప్పుడు బాగున్న చక్రానికి బ్రేక్ వేయండి. వెనక టైరు పోతే ఫ్రంట్ బ్రేక్, ముందు టైరు పోతే వెనక బ్రేక్, అదీ కొంచెం కొంచెంగా పెంచుతూ. ఎందుకో చెప్తాను. బ్రేక్ వేస్తే బరువంతా ముందుకి ఒరుగుతుంది. వెనక టైరు పోయినప్పుడు ఫ్రంట్ బ్రేక్ వేస్తే పాడైన చక్రం మీద భారం తగ్గుతుంది, మనకి మేలే. ముందు టైరు పోయినప్పుడు ఫ్రంట్ బ్రేక్ పట్టారనుకోండి, చతికిలబడ్డ టైరు మీదికి మొత్తం బరువు తెచ్చి పెట్టినట్టు. దాని అంచు రిమ్ము గాడిలోంచి ఊడి పక్కకి జారితే ఇక హ్యాండిల్ మీ మాట వినదు.

"సార్, నా బండికి ఏబీఎస్ ఉంది" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. సంతోషం. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. మెత్తబడ్డ గోడల్ని నిలబెట్టడం దాని పని కాదు.

మలుపులో వంగి ఉండగా పోతే మాత్రం కష్టమే, అబద్ధం ఎందుకు చెప్పాలి. ముందు బండిని నిదానంగా నిలువుకి తెచ్చుకోవాలి, వేగం సంగతి తర్వాత. రోడ్డు అంచులోపు అంత చోటు మిగలాలంటే మలుపులోకి వచ్చేటప్పుడే వేగం తక్కువ ఉండాలి.

వెనక కూర్చునేవాళ్ళకీ ఒక మాట. బండి ఊగితే కాళ్ళు కింద పెట్టేయకండి. ఆ వేగంలో నేలకి తగిలిన పాదం బండిని ఆపదు, మడమ విరుగుతుంది. నడిపేవాడి భుజాలు పట్టుకుని లాగకండి, నడుము పట్టుకోండి. దూకుదామన్న ఆలోచనే రానివ్వకండి. నడిపేవాళ్ళు కూడా నాలా వాళ్ళతో వాదన పెట్టుకోకుండా "కదలకు, గట్టిగా పట్టుకో" అని ఒక్క ముక్క చెప్తే చాలు.

వేగం నడక స్థాయికి వచ్చాక రోడ్డు మధ్యలో ఆగకండి. టైరు పాడైపోతుందని, రిమ్ము వంగుతుందని పిసినారితనం చూపే చోటు అది కాదు. ఇండికేటర్ వేసి మెల్లగా అంచు దాటించి, తారు వదిలి కిందికి దించండి. హెల్మెట్ అప్పుడే తీయకండి. వచ్చే వాహనాలకి వీపు పెట్టి చక్రం దగ్గర గొంతుకూర్చునేవాళ్ళని చాలామందిని చూశాను, చూసినప్పుడల్లా గుండె గుభేలుమంటుంది. బండిని స్టాండు వేసి మీరు దూరంగా నిలబడండి. కాళ్ళు వణుకుతాయి, వణకనివ్వండి.

ట్యూబ్‌లెస్‌కి మీరే ప్లగ్గు, అంటే కన్నంలో దూర్చే రబ్బరు ముక్క, వేసుకునేట్టయితే, నేలని తాకే భాగంలో పడ్డ చిన్న కన్నానికే వేయండి. పక్క గోడకి ప్లగ్గు నిలవదు, అది నిరంతరం వంగే చోటు. అలా వేసిన ప్లగ్గుతో నెమ్మదిగా దగ్గర్లో ఉన్న మెకానిక్ దాకా వెళ్ళి, టైరు విప్పించి లోపలి వైపు చూపించండి. నాకు రాలిన లాంటి నల్ల పొడి కనిపిస్తే ఇక ఆ టైరు మీద ఆశ వదులుకోవాలి.

గాలి కొలవడం గురించి కొంచెం. బండి తిరిగి వచ్చాక వేడి మీద కొలిస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. పొద్దున్నే, బండి తీయకముందు కొలవండి. ఎంత ఉండాలో బండి మీదే స్టిక్కరు ఉంటుంది, చెయిన్ కవర్ మీదో వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం మీదో. ఒక్కరికి ఒక అంకె, ఇద్దరికి ఇంకో అంకె రాసి ఉంటే ఇద్దరు వెళ్ళేటప్పుడు రెండోదే పెట్టించండి. టైరు గోడ మీద అచ్చువేసిన పెద్ద అంకె చూసి అంత కొట్టించేవాళ్ళున్నారు. అది టైరు తట్టుకునే హద్దు, మీ బండికి చెప్పిన కొలత కాదు. చలి పెరిగితే గాలి ఒత్తిడి తగ్గుతుంది, సుమారు అయిదారు డిగ్రీలకి ఒక పీఎస్ఐ (గేజీ మీద గాలి ఒత్తిడి చూపించే కొలత) చొప్పున. వేసవిలో కొట్టించిన గాలితో చలికాలం నెట్టుకొస్తే నాకైనట్టే అవుతుంది.

టైరు వయసూ చూడండి. గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం, 23వ వారంలో తయారైనట్టు. గాడులు బాగానే ఉన్నా గోడల మీద సన్నటి పగుళ్ళు వచ్చాయంటే రబ్బరు ఎండిపోయింది.

సరే, కూర్చుని వింటే వేళ్ళు నేర్చుకోవు. బయట గ్రౌండులో మూడు బండ్లు పెట్టాం. నలభై స్పీడులో వస్తారు, నేను ఈల వేస్తాను. బ్రేకులు ముట్టుకోకుండా, యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించుకుంటూ, ముగ్గు గీత మీద తిన్నగా వచ్చి ఆగాలి. మొదటి మూడు సార్లు ఈల వినగానే మీ వేళ్ళు మూసుకుంటాయి. పదోసారికి మూసుకోవు. సొంత బండి తెచ్చుకున్నవాళ్ళు ముందు గాలి చూపించుకుని లైన్లోకి రండి. గేటు దగ్గర గేజీ పట్టుకుని నిలబడ్డాయన మా బామ్మర్దే. ఆ రోజు తను కదిలాడా లేదా అని మాత్రం అడగకండి, అరగంట చెప్తాడు.