కాంతి వాల్యూమ్ పెంచితే

శ్రోతలకు నమస్కారం. జాతరలో మైకు సెట్టు వాల్యూమ్ మరీ పెంచేస్తే ఏమవుతుందో మీకు తెలిసిందే, పాట పోయి బర్రుమనే మోత మిగులుతుంది. స్పీకరులోని కోన్ అంత జోరు తట్టుకోలేక, వచ్చిన శబ్దానికి రెట్టింపు, మూడు రెట్ల వేగంతో ఊగే కొత్త శబ్దాలు తనే కలిపేస్తుంది. మనకది చిరాకు. కాంతి దగ్గర మాత్రం సరిగ్గా అలాంటి మోత కోసమే ఫిజిక్స్ వాళ్లు అరవై ఏళ్లకు పైగా తంటాలు పడుతున్నారు, దానికి నాన్‌లీనియర్ ఆప్టిక్స్ అని పేరు కూడా పెట్టుకున్నారు.

మామూలు వెలుగుకి ఆ జోరు లేదు. 1960లో లేజర్ వచ్చింది. మరుసటి ఏడాదే మిషిగన్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఫ్రాంకెన్ బృందం 694 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు) అల పొడవున్న ఎర్ర లేజర్‌ని క్వార్ట్జ్ స్ఫటికంలోంచి పంపితే, అవతల సరిగ్గా సగం అల పొడవుతో, 347 దగ్గర (రెట్టింపు వేగంతో ఊగితే అల పొడవు సగమవుతుంది), కంటికి కనపడని అతినీలలోహిత కాంతి కొంచెం వచ్చింది. ఎంత కొంచెమంటే, ఫొటో ప్లేటు మీద చిన్న చుక్క. వాళ్ల వ్యాసం అచ్చేసిన సైన్సు పత్రిక వాళ్లు దాన్ని మరక అనుకుని చెరిపేశారట! అచ్చయిన వ్యాసంలో బాణం గుర్తుంది, అది చూపించాల్సిన చుక్క లేదు.

ఇప్పుడు అదే పని బజారులో దొరికే ఆకుపచ్చ లేజర్ పాయింటర్ చేస్తోంది. చాలావాటిలో లోపల పుట్టేది 1064 నానోమీటర్ల పరారుణ కాంతి, లోపలున్న ఆవగింజంత స్ఫటికం దాన్ని సగం చేసి 532 ఆకుపచ్చగా మారుస్తుంది. (చవకరకంలో ఫిల్టర్ లేకపోతే ఆ కనపడని పరారుణం కూడా బయటికొస్తుంది, పిల్లల చేతికి ఇవ్వకండి.)

స్ఫటికంతో ఒక పేచీ ఉంది. లోపలికెళ్లిన కాంతి, కొత్తగా పుట్టిన కాంతి ఒకే వేగంతో నడవవు, జత కుదరని ఎద్దుల్లాగా, కాసేపటికి ఒకటి చేసిన పని ఇంకోటి చెడగొడుతుంది. అందుకే స్ఫటికాన్ని ఫలానా కోణంలో కోసి, కొన్నిసార్లు వేడి కూడా సరిచూసి వాడతారు. పొర కాంతి తరంగం కంటే పలచగా ఉంటే? అడుగు తప్పేంత దూరమే ఉండదు. అయితే అంత పలచని పొరలో కాంతి ఏమాత్రం ఆగుతుంది? అక్కడే నానో పనితనం కావాలి. కొన్ని వందల నానోమీటర్ల ఎత్తున్న స్తంభాలు వరసగా చెక్కుతారు, కాంతి వాటిలో చిక్కుకుని గిరగిరా తిరిగి చిక్కబడుతుంది. నెమలీకలో నీలం కూడా రంగు పదార్థం కాదు, అతి సన్నని కడ్డీల అమరికే, మెత్తగా నూరితే ఆ నీలం పోయి గోధుమ నలుపు పొడి మిగులుతుంది. నెమలికి లేజర్ అక్కర్లేదు, అది వేరే సంగతి.

2021లో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ వాళ్లు అర్ధవాహకమైన గాలియం ఆర్సెనైడ్‌తో వెంట్రుక కన్నా వందల రెట్లు పలచని ఇలాంటి పొర చేసి, పరారుణ బొమ్మని కంటికి కనిపించే బొమ్మగా మార్చి చూపించారు. చీకట్లో చూసే కళ్లజోడు చేద్దామని వాళ్ల ఆశ. పొర బరువు లెక్కలోకే రాదు గానీ, అది పని చెయ్యాలంటే ఇంకో లేజర్ వెలుగు కూడా దానిమీద పడుతూ ఉండాలి. ఆ లేజర్‌ని కళ్లజోడులో ఎక్కడ ఇరికిస్తారో చూడాలి మరి.