గడ్డకట్టిన సరస్సు మీద విమానం దిగితే?

[దృశ్యం: ఓర్వకల్లు విమానాశ్రయం, ఎండలో రన్‌వే]

ఇది మన కర్నూలు పక్కనే ఉన్న ఓర్వకల్లు రన్‌వే. పొడవు 2 కిలోమీటర్లు. 2021 నుంచి ఇక్కడ విమానాలు దిగుతున్నాయి. మన సీమ చెరువులు ఎండితే నెర్రెలు బారతాయే తప్ప గడ్డకట్టవు. అలాస్కాలో, ఉత్తర కెనడాలో అయితే చలికాలం సరస్సే రన్‌వే. పైలట్ ట్రైనింగ్‌కని కర్నూలు, కడప, అనంతపురం నుంచి అటు వెళ్లాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది చివరిదాకా చూడండి.

[దృశ్యం: మంచుగడ్డను అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మ]

ముందు మందం సంగతి. గడ్డ మందం రెట్టింపైతే మోసే బరువు దాదాపు నాలుగింతలవుతుంది. మందం సగానికి తగ్గితే బలం పావు వంతుకు పడిపోతుంది. అందుకే ఒక్కచోట డ్రిల్లు వేసి కొలిచి ఊరుకుంటే చాలదు. వాగు వచ్చి కలిసేచోట, అడుగున ఊట ఉన్నచోట గడ్డ పలచగా ఉంటుంది. రంగు కూడా చూడాలి. కింది నీళ్ల నలుపు కనిపించేంత తేటగా ఉంటే గట్టి గడ్డ. పైన పడ్డ మంచు తడిసి బిగుసుకున్న తెల్లగడ్డకు దాని బలంలో సగమే లెక్కేసుకోవాలి.

[దృశ్యం: స్కీల మీద దిగుతున్న చిన్న విమానం]

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది మంచు కింద దాగిన నీళ్లు. పొడిమంచు బరువుకు గడ్డ కుంగి, పగుళ్లలోంచి నీళ్లు పైకి వస్తాయి. పైనున్న మంచు దుప్పటిలా కప్పేయడంతో ఎంత చలిలోనైనా ఆ నీళ్లు త్వరగా గడ్డకట్టవు. పైనుంచి చూస్తే అంతా తెల్లగానే ఉంటుంది. దిగి ఆగితే స్కీలు, అంటే మంచు మీద జారేందుకు విమానం కింద బిగించే పొడవాటి పలకలు, ఆ బురదమంచులో కూరుకుపోయి, కాసేపటికి అక్కడే బిగుసుకుపోతాయి. అనుభవమున్న పైలట్లు మొదటిసారే ఆగరు. స్కీలను మంచుకు ఆనించి, వేగం తగ్గించకుండా కొంతదూరం పోయి మళ్లీ లేస్తారు. చుట్టు తిరిగొచ్చి ఆ జాడలు చూస్తారు. జాడ నల్లబడిందా, కింద నీళ్లున్నట్టే. ఇక అక్కడ దిగరు.

మబ్బు పట్టిన రోజు ఆకాశం, నేల ఒకే తెలుపు. నేల ఎంత దూరంలో ఉందో కన్ను చెప్పలేదు. అప్పుడు చెట్లున్న ఒడ్డు వెంబడి దిగాలి.

[దృశ్యం: ఆగి ఉన్న విమానం, స్కీల కింద చెక్కలు]

దిగాక కూడా నిశ్చింత లేదు. మామూలు స్కీలకు బ్రేకులుండవు. ఇంజిన్ స్టార్ట్ కాగానే విమానం జారిపోవచ్చు, ప్రొపెల్లర్ దగ్గర ఎవరినీ నిలబడనివ్వకండి. దిగేటప్పుడు మోసిన గడ్డే రాత్రంతా నిలిపి ఉంచితే మెల్లగా కుంగుతుంది. అందుకని విమానాలను దూరందూరంగా నిలుపుతారు. స్కీలు అతుక్కోకుండా కింద చెక్కలు వేస్తారు.

[దృశ్యం: ఆల్టన్ బే మ్యాప్]

అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో విన్నిపెసాకీ సరస్సు మీద ఆల్టన్ బే అనే మంచు రన్‌వే ఉంది. చలి చాలని ఏడాది దాన్ని అసలు తెరవరు. ఎండాకాలం దగ్గరపడితే గడ్డ నిలువు సూదులుగా విడిపోతుంది. కొలిస్తే మందం తగ్గినట్టుండదు, బలం మాత్రం పోయి ఉంటుంది. ఆ రోజుల్లో కొలతను నమ్మి దిగకండి.