పంతులుగారు గెంతిన శనివారం: ఆటో స్టార్ట్-స్టాప్ మీద వదినా మరిది కబుర్లు

వదిన: అందరికీ నమస్కారం. టెక్సాస్‌లో ఫ్రిస్కో నుంచి నేను, మిషిగన్‌లో నోవై నుంచి మా మరిది. ఈ వారం ఇన్సూరెన్స్ గురించి మాట్లాడదాం అనుకున్నాం. కానీ మొన్న గుడి దగ్గర జరిగింది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మరిది: బండి పూజ సంగతేనా? అమ్మ ఫోన్ చేసి ముప్పావుగంట చెప్పింది వదినా.

వదిన: అత్తయ్య ఏం చెప్పుంటారో నాకు తెలుసులే. నా వైపు కూడా విను. మూడు వరసల సీట్ల పెద్ద ఎస్‌యూవీ. డీలర్ దగ్గర తీసుకుని నేరుగా కార్యసిద్ధి హనుమాన్ గుడికి పట్టుకెళ్లాం. ముందు బండి కదిలింది, మా వంతొచ్చింది, బ్రేకు తొక్కి ఆపాను. చప్పుడు ఆగిపోయింది. నేనే ఆపేశాననుకున్నా. పంతులుగారు నిమ్మకాయలు పట్టుకుని ముందు చక్రం వైపు వస్తున్నారు. దిగుదామని బ్రేకు మీంచి కాలు తీశాను, అంతే! ఇంజిన్ దానంతటదే స్టార్ట్ అయి బండి ముందుకి పాకింది.

మరిది: అదే ఆటో స్టార్ట్-స్టాప్ వదినా. బ్రేకు తొక్కి ఆగితే ఇంజిన్ దానంతటదే ఆగుతుంది, కాలు తీస్తే మళ్లీ అందుకుంటుంది. గేరు ఇంకా డీలోనే ఉందిగా మరి.

వదిన: డీలోనే ఉంది. అరవై దాటిన మనిషి, పాపం, కుర్రాడిలా పక్కకి గెంతారు. వెంటనే బ్రేకు తొక్కాననుకో. నిమ్మకాయలు మాత్రం ఆయన చేతిలోనే ఉన్నాయి. వెనక సీట్లోంచి అత్తయ్య, "బండికే తొందరగా ఉంది, నీకేం తెలియట్లేదు" అన్నారు.

మరిది: మీరు నవ్వుతున్నారు గానీ వదినా, నాకు ఇందులో అసలైన భయం అదే. మిగతా వాటి గురించి జనం ఎక్కువ గాభరా పడతారు, దీని గురించి తక్కువ. నేను పదేళ్లుగా స్టార్టర్లూ బ్యాటరీలూ టెస్ట్ చేసే పనిలో ఉన్నాను. ఇంజిన్ ఆగడం వేరు, బండి ఆఫ్ కావడం వేరు. ఆర్‌పీఎం ముల్లు "ఆటో స్టాప్" అని రాసున్న చోటికి వెళ్తుంది, లేకపోతే ఇంగ్లీషు A అక్షరం చుట్టూ బాణం ఉన్న ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. అది కనిపిస్తే బండి మేలుకునే ఉన్నట్టు.

వదిన: ఇరవై ఏళ్లుగా చప్పుడు ఆగితే బండి ఆగినట్టే అని చెవికి అలవాటైపోయింది నాయనా. ఆ గుర్తు ఎవరు చూస్తారు?

మరిది: అందుకే చాలా కొత్త బండ్లలో బెల్టు తీసి తలుపు తెరిస్తే గోల చేస్తాయి, కొన్ని వాటంతటవే పార్క్‌లోకి వెళ్తాయి. అన్నీ అలా చెయ్యవు. మీరింకా బెల్టు తియ్యలేదు కాబట్టి అది మిమ్మల్ని డ్రైవరనే అనుకుంది. ఇంకొకటి, ఇంటికి ఆనుకుని ఉన్న గ్యారేజీ. చేతిలో తాళం తిప్పే పని లేదు, చప్పుడూ లేదు, ఆఫ్ అయిందనుకుని లోపలికి వెళ్లిపోతారు. కాసేపటికి ఇంజిన్ తిరిగి అందుకుంటే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. తాళం తిప్పే పని లేని బండ్లని గ్యారేజీలో ఆన్‌లో వదిలేసి జనం చనిపోయిన సంఘటనలు ఈ దేశంలో ఉన్నాయి. పార్క్‌లో పెట్టి, బటన్ నొక్కి, డ్యాష్‌బోర్డు చీకటైందో లేదో చూసి దిగండి.

వదిన: సరే, అది ఒప్పుకున్నా. ఇప్పుడు మా వీధిలో ఎవరిని కదిపినా అనే మాట. రోజుకి ఇన్నిసార్లు ఆపి, ఇన్నిసార్లు స్టార్ట్ చేస్తే స్టార్టర్ ఏం కావాలి? ఇంజిన్ ఏం కావాలి?

మరిది: లెక్క వేద్దాం. రోజుకి ఇరవై రెడ్ లైట్లు, ఏడాదికి మూడొందల రోజులు, పదిహేనేళ్లు. తొంభై వేల సార్లు. మామూలు స్టార్టర్ అయితే చేతులెత్తేస్తుంది. అందుకే ఈ బండ్లలో పెట్టేది మామూలుది కాదు, గట్టి బ్రష్‌లు, గట్టి పళ్లచక్రం ఉన్నది. ఇంజిన్‌లో తిరిగే ఇరుసు, అదే క్రాంక్‌షాఫ్ట్, దాని కింద బేరింగులకి కూడా పాలిమర్ పూత వేస్తారు. ఫెడరల్-మొగల్ అనే కంపెనీ ఐరాక్స్ పేరుతో ప్రత్యేకంగా వీటికోసమే తయారు చేసింది. పైగా ఇంజిన్‌ని అరగదీసేది రాత్రంతా నిలబెట్టి పొద్దున చల్లగా స్టార్ట్ చేయడం. రెడ్ లైట్ దగ్గర ముప్పై సెకన్లు ఆగితే నూనె ఎక్కడికీ పోదు, బేరింగుల మీదే ఉంటుంది.

వదిన: అయితే పెద్ద ఎస్‌యూవీల ఇంజిన్లు పోతున్నాయని 2025లో కంపెనీ బండ్లని వెనక్కి పిలిచింది కదా, ఆ రీకాల్?

మరిది: జనరల్ మోటార్స్ 6.2 లీటర్ల వీ8. టాహో, సబర్బన్, యూకాన్, ఎస్కలేడ్, వాటితోపాటు కొన్ని పికప్ ట్రక్కులు, 2021 నుంచి 2024 మోడళ్లు. అమెరికాలోనే దాదాపు ఆరు లక్షలు. అందులో చెప్పిన కారణం తయారీలో కనెక్టింగ్ రాడ్లూ క్రాంక్‌షాఫ్టూ సరిగ్గా రాకపోవడం. స్టార్ట్-స్టాప్‌కి ఆ నేరం అంటగట్టకండి. చీటికీమాటికీ తిట్టడానికి ఇదొక సాకు దొరికింది జనానికి.

వదిన: అబ్బో, దాని తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టున్నావే. మరి ఎల్డొరాడో పార్క్‌వే మీద నా గుండె ఆగిపోయిన సంగతి విను. ఎడమవైపు తిరగాలి. పసుపు బాణం వెలుగుతూ ఆరుతూ ఉంది, అంటే ఎదురుగా వచ్చేవాళ్లు పోయాక సందు చూసుకుని తిరగాలి. నేను ఆగాను, ఇంజిన్ ఆగింది. సందు దొరికింది. కాలు బ్రేకు మీంచి యాక్సిలరేటర్ మీదకి మార్చాను. ముందు ఒక వణుకు, తర్వాత ఒక కుదుపు, అప్పుడు కదిలింది. ఆ లోపల ఎదురుగా పికప్ ట్రక్కు ఎంత దగ్గరకొచ్చిందంటే డ్రైవర్ టోపీ రంగు కూడా చెప్పగలను.

మరిది: ఇక్కడ వకాల్తా లేదు వదినా. అర సెకనుకి అటూఇటూ ఆలస్యం ఉంటుంది, రెండున్నర టన్నుల బండిలో అది ఇంకా ఎక్కువ తెలుస్తుంది. ఇంజిన్ ఆగితే గేరుబాక్స్‌లో నూనె ఒత్తిడి కూడా పడిపోతుంది. అది నిలబెట్టడానికి కరెంటు పంపో ఇంకోటో పెడతారు. అది కాస్త నిదానించినా మీరన్న ఆ కుదుపు వస్తుంది. 48 వోల్టుల బండ్లలో ఈ బాధ తక్కువ, ఇంజిన్ బెల్టు మీదుండే జనరేటరే మెత్తగా లేపుతుంది. మన ఊళ్లో టొయోటా ఫార్చ్యూనర్‌లో 2025లో తెచ్చింది ఆ బాపతే. మీ బండిలో అది లేదు కదా?

వదిన: లేదు.

మరిది: అయితే ఎడమ మలుపు దగ్గర స్టార్ట్-స్టాప్‌ని ఆపే బటన్ నొక్కేయండి. లేదంటే బ్రేకు మీద కాలు కొంచెం వదులుగా ఉంచండి. చాలా బండ్లు గట్టిగా తొక్కితేనే ఇంజిన్ ఆపుతాయి. ట్రైలర్ లాగే మోడ్‌లో పెట్టినా చాలావాటిలో ఇది పనిచేయదు, కానీ రోజూ అలా తిరగడం నాకు నచ్చదు, గేర్లు మారే తీరు మారిపోతుంది.

వదిన: ఆ బటన్ ఉంది చూశావూ, దానికి మతిమరుపు. పొద్దున నొక్కుతా, కాస్ట్‌కో షాపులో పని చూసుకుని వచ్చేసరికి మళ్లీ మొదటికొస్తుంది. మీ అన్నయ్య బండెక్కగానే ముందు బెల్టు, తర్వాత ఆ బటన్, తర్వాత "జై హనుమాన్". ఈ వరస తప్పదు. ఒక్కసారి నొక్కితే గుర్తుపెట్టుకోవడానికి దానికేం రోగం?

మరిది: రోగం కాదు, లెక్క. మైలేజీ పరీక్ష చేసేటప్పుడు బండి స్టార్ట్ చేసిన వెంటనే ఎలా ఉంటుందో అలాగే చేస్తారు. మీరు నొక్కింది గుర్తుంటే ఆ లాభం లెక్కలోకి రాదు. పైగా అమెరికాలో పర్యావరణ సంస్థ ఈపీఏ కంపెనీలకి కాలుష్యం లెక్కలో కలిసొచ్చే క్రెడిట్లు ఇచ్చేది. కారులో ఇది పెడితే మైలుకి 2.5 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టు, ట్రక్కులో అయితే 4.4 గ్రాములు. పెద్ద ఎస్‌యూవీలు చాలావరకు ట్రక్కుల కిందే లెక్క.

వదిన: ఓహో! అందుకా ప్రతి పెద్ద బండిలోనూ ఇది.

మరిది: అదొక్కటే కారణమనను గానీ పెద్ద కారణమే. 2021లో కంప్యూటర్ చిప్పుల కరువొచ్చినప్పుడు జనరల్ మోటార్స్ కొన్ని ట్రక్కుల్లో, పెద్ద ఎస్‌యూవీల్లో దీన్ని తీసేసి ధరలో 50 డాలర్లు తగ్గించింది. కొన్నవాళ్లు నష్టపోయామనుకోలేదు, పండగ చేసుకున్నారు! 2025 మేలో ఈపీఏ అధిపతి లీ జెల్డిన్ ఇది ఎవరికీ నచ్చదు, సరిచేస్తామన్నాడు. 2026 ఫిబ్రవరిలో ఆ క్రెడిట్లు ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. అలాగని మీ బండిలో ఉన్నది పోదు.

వదిన: పోనీ పెట్రోలైనా మిగులుతుందా? నిజం చెప్పు.

మరిది: ఎక్కడ నడుపుతారన్నదాన్ని బట్టి. 1970ల్లోనే టొయోటా క్రౌన్‌లో ఇలాంటిది పెట్టారు, టోక్యో ట్రాఫిక్ కోసం. మన దగ్గర మహీంద్రా స్కార్పియో, బొలెరోల్లో మైక్రో హైబ్రిడ్ పేరుతో ఎప్పుడో తెచ్చారు. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర అంకెలు తొంభై నుంచి దిగుతుంటే మనవాళ్లు చేత్తోనే ఆపేస్తారు. అక్కడ దీనికి అర్థముంది. మీకు? పెద్ద వీ8 ఊరికే నిలబడితే గంటకి సుమారు అర గ్యాలన్ తాగుతుందనుకోండి. రోజుకి రెడ్ లైట్ల దగ్గర పది నిమిషాలు. గ్యాలన్ మూడు డాలర్లయితే రోజుకి పావు డాలర్. ఏడాదికి డెబ్బై అయిదు డాలర్లు.

వదిన: అంటే నాలుగైదు సినిమా టికెట్లు.

మరిది: పాప్‌కార్న్ లేకుండా. అందులోనూ టెక్సాస్ ఎండలో సగం సార్లు అది పనిచేయదు. లోపల వేడెక్కితే ఏసీ కోసం ఇంజిన్ నడుస్తూనే ఉండాలి.

వదిన: పనిచేసినా బాధే. జులైలో బయట నూట నాలుగు ఫారెన్‌హీట్. ఇంజిన్ ఆగింది, ఫ్యాను తిరుగుతోంది, కాసేపటికి ముక్కిన వాసనతో తడిగాలి. వెనకనుంచి, "ఏసీ ఎందుకు కట్టేశావమ్మా, పెట్రోల్ ఆదానా?"

మరిది: అమ్మే కదూ.

వదిన: ఇంకెవరు! సరే, అసలు స్టార్ట్ కాకుండా మొండికేస్తే?

మరిది: అరుదు, కానీ ఉంది. హోండా పైలట్లు రెడ్ లైట్ దగ్గర ఆగాక తిరిగి స్టార్ట్ కావట్లేదని ఫిర్యాదులొస్తే, ఇక్కడి రోడ్డు భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2022లో విచారణ మొదలుపెట్టింది. తర్వాత ఒడిస్సీతో సహా అదే 3.5 లీటర్ల వీ6 ఉన్న మిగతా వాటికీ పెంచి, 2025 నాటికి 20 లక్షల బండ్లు దాటించింది. మన వాళ్ల ఇళ్ల ముందు ఎన్ని ఒడిస్సీలు ఉంటాయో మీకు తెలుసు. ఉన్నవాళ్లు బండి గుర్తింపు నంబరు, అదే వీఐఎన్, చెప్పి డీలర్‌ని అడగండి, సాఫ్ట్‌వేర్, స్టార్టర్ మార్పులకి సర్వీస్ సూచనలు ఉన్నాయి.

వదిన: మాది అది కాదు. నేను చూసుకోవాల్సింది?

మరిది: బ్యాటరీ. మూడు నాలుగేళ్లు దాటాక మీ బండి రెడ్ లైట్ల దగ్గర ఇంజిన్ ఆపడం మానేసిందనుకోండి, "హమ్మయ్య, పీడ వదిలింది" అనుకోకండి. బ్యాటరీ నీరసించిందని అది చెప్పే మొదటి మాట అదే కావచ్చు. ఇందులో ఎక్కువగా ఉండేది మాటిమాటికీ స్టార్ట్ చేసినా తట్టుకునే ఏజీఎం బ్యాటరీ, మామూలు దానికంటే చాలా ఖరీదు. దాని స్థానంలో చవక బ్యాటరీ పడేస్తే కొన్నాళ్లకే చచ్చిపోతుంది. కొన్ని బండ్లలో కొత్తది పెట్టాక కంప్యూటర్‌కి కూడా చెప్పాలి. కొన్ని జీప్ రాంగ్లర్లలో అయితే దీనికోసం చిన్న బ్యాటరీ ఒకటి వేరే ఉంటుంది. పెద్దది మార్చి చిన్నది మర్చిపోయి తల పట్టుకున్నవాళ్లు చాలామంది.

వదిన: అంటే మిగిలిన డెబ్బై అయిదు డాలర్లు ఆ బ్యాటరీకే సమర్పయామి.

మరిది: దాదాపు అంతే. అన్నయ్య ఆన్‌లైన్‌లో ఏదో చిన్న మాడ్యూల్ కొంటానన్నాడు, బటన్‌ని అదే గుర్తుపెట్టుకునేది. వారంటీ ఉన్నన్నాళ్లు వద్దని చెప్పండి. వైరింగ్‌లో చెయ్యి పెట్టారని డీలర్ పేచీ పెడితే నేనొచ్చి వాదించలేను.

వదిన: కొనేశారు. నిన్న డబ్బా వచ్చింది. ఇంకా తెరవలేదు.

మరిది: దాచెయ్యండి. పప్పుల డబ్బాల వెనక.

వదిన: అక్కడైతే అత్తయ్యకి దొరుకుతుంది. ఉండు, గ్యారేజీ తలుపు చప్పుడైంది, ఆయనే వస్తున్నారు. వచ్చే వారం ఇన్సూరెన్స్ గురించి మాట్లాడదామండీ. ఏవండీ, ఆఫ్ చేశారా? డ్యాష్‌బోర్డు చీకటైందా చూడండి!