నూజివీడు దారిలో మామ్మగారి మామిడి పాక: రెండుసార్లు వెళ్లొచ్చాక నా రివ్యూ

నమస్తే అండీ అందరికీ. ముందు ఒక మాట చెప్పేసి మొదలుపెడతాను. ఈ తోటవాళ్లబ్బాయి వీడియో చేయమని నాకో బుట్టెడు చిన్న రసాలు ఊరికే పంపించాడు. ఈ వీడియోకి నేను డబ్బులేమీ తీసుకోలేదు. ఆ బుట్ట అయిపోయాక నేనే రెండుసార్లు వెళ్లి, నా డబ్బులతో కొనుక్కొచ్చి, తిని, ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాను.

ఎక్కడుంది, రేటెంత, ఏయే రకాలున్నాయి అన్నది ఈపాటికే వేరే వీడియోల్లో చూసేసుంటారు. విజయవాడ నుంచి ఆగిరిపల్లి మీదుగా నూజివీడు వెళ్తుంటే రోడ్డు పక్కనే తాటాకుల పాక, దాని వెనకే వాళ్ల నాలుగెకరాల తోట. ఉండేది ముగ్గురే, మామ్మగారు, కొడుకు, కోడలు. నూజివీడు 2022లో ఏలూరు జిల్లాలో కలిసింది గానీ, మా ఇంట్లో ఇప్పటికీ కృష్ణా జిల్లా నూజివీడనే అంటాం.

నేను అసలు మాట్లాడాలనుకున్నది మామ్మగారి గురించి. పాకలోకి అడుగు పెట్టగానే, "ఇంట్లో ఎంతమందమ్మాయ్? ఎప్పుడు తింటారు?" అనడిగారు. ఏదో పలకరింపు అనుకుని, నలుగురం మామ్మగారూ, ఈ మూడు రోజుల్లో తినేస్తాం అన్నాను. ఆవిడ గడ్డిలోంచి ఒక్కో కాయా తీసి, బొటనవేలు ముచ్చిక పక్కన ఊరికే ఆనించి, నొక్కను కూడా నొక్కకుండా, ఒకసారి వాసన చూసి మూడు కుప్పలు పెట్టారు. "ఇవి ఇవాళ రాత్రికి. ఇవి రేపటికి. ఇదిగో, ఈ కుప్ప ఎల్లుండి దాకా ముట్టుకోవద్దు." ఎల్లుండివి అడుగున, మధ్యలో గడ్డి, రేపటివి, మళ్లీ గడ్డి, ఇవాళ్టివి పైన. రెండు డజన్లు తీసుకున్నాను. ఇంటికొచ్చి నిజంగానే కాగితం మీద రాసుకున్నాను, ఏ కాయ ఏ రోజు తిన్నామో, ఎలా ఉందో. ఇరవై నాలుగింటిలో ఒక్కటే ఒక రోజు ఆలస్యంగా పండింది. మిగతావన్నీ చెప్పిన రోజుకి చెప్పినట్టే ఉన్నాయి, ముచ్చిక తీసి పిండితే మొదట రెండు చుక్కలు సొన, తర్వాత అంతా రసమే.

పోయిన ఏడాది నేను ఒక యాప్‌లో రసాలు ఆర్డర్ పెట్టాను. పేరు చెప్పను. డబ్బా తెరిస్తే అన్నీ ఒకే పసుపు, ఒకే సైజు, చూడ్డానికి ఎంత బాగున్నాయో. కోస్తే టెంక చుట్టూ తెల్లగా, పుల్లగా, ఒక్క దాంట్లోనూ వాసన లేదు. మా నాన్నగారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని పక్కన పెట్టేశారు. మామిడిపండు ఆయన అలా వదిలేయడం నేనెప్పుడూ చూడలేదు, ఆ రోజు నాకు చాలా బాధేసింది.

కాయ పక్వానికి రాకుండా కోసేసి, బలవంతంగా రంగు తెప్పిస్తే అలాగే అవుతుంది. కాల్షియం కార్బైడ్ అనే రసాయనం పొట్లాలు పెడితే తేమ తగిలి ఎసిటిలీన్ గ్యాస్ వస్తుంది, దాంతో తొక్క పసుపెక్కుతుంది, లోపల పండు మాత్రం తయారవదు. ఆ కార్బైడ్‌లో ఆర్సెనిక్ లాంటి విషాలు కూడా ఉండే ప్రమాదం ఉంది కాబట్టే దేశమంతా నిషేధించారు. కాయని మాగబెట్టే ఇథిలీన్ గ్యాస్‌కైతే అనుమతి ఉంది, 100 పీపీఎం దాకా, అంటే పది లక్షల పాళ్లలో వంద పాళ్లు. ఈ పాకలో అవేవీ లేవు, వరిగడ్డే. పక్వానికొచ్చిన కాయ తనంతట తానే ఇథిలీన్ వదులుతుంది, గడ్డి ఆ గాలినీ వేడినీ పట్టి ఉంచుతుంది. చిన్నప్పుడు మా అమ్మమ్మ మంచం కింద మాగేసిందీ ఇలాగే, ఆ గది తలుపు తీయగానే వచ్చే వాసన ఈ పాకలో మళ్లీ తగిలింది.

కాయల మీద అక్కడక్కడా నల్లటి చారలుంటాయి, చూసి వద్దనకండి. కోసేటప్పుడు కారిన సొన అది. వీళ్లు కర్రకి వల కట్టిన చిక్కంతో ముచ్చిక కొంచెం ఉంచే కోస్తారు, అయినా కొన్నిటికి అంటుతుంది. రుచికి దానితో సంబంధం లేదు.

ఇక్కడ కాయలు మనల్ని ఏరుకోనివ్వరు. నా ముందు ఒకాయన దీనికే కోపం తెచ్చుకుని వెళ్లిపోయాడు. నేను మాత్రం మామ్మగారి పక్షమే. రసం తొక్క పల్చన, పదిమంది పది వేళ్లతో నొక్కితే సాయంత్రానికి కుళ్లుతుంది. పండిన రసం దూర ప్రయాణం తట్టుకోకపోవడానికి కారణం కూడా అదే. బంగినపల్లికి 2017లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపొచ్చింది, అందరూ దాన్నే అడుగుతారు, అది లారీ ఎక్కి ఎక్కడికైనా వెళ్తుంది. చెట్టుకి దగ్గరగా వెళ్లి తినాల్సింది రసమే, అందుకే ఇంతదూరం వెళ్లండి అంటున్నాను.

నాకు నచ్చనిది ఒకటుంది, గట్టిగానే చెప్తాను. కవర్లు! అంత జాగ్రత్తగా పేర్చిన కాయల్ని, బుట్ట తెచ్చుకోనివాళ్లకి, పల్చటి ప్లాస్టిక్ కవర్లో వేసి బిగించి ముడేసి ఇస్తున్నారు. రెండోసారి నాకూ అలాగే ఇచ్చారు. మే నెల ఎండ, కార్లో గంటన్నర, ఇంటికొచ్చేసరికి కవర్ లోపలంతా చెమట, పైవరసలో నాలుగు కాయలు మెత్తబడిపోయాయి. మామ్మగారి చేతిలో ఉన్న విద్య అంతా ఆ ముడి దగ్గర పాడవుతోంది. అబ్బాయితో చెప్పాను. తాటాకు బుట్టకి ఖర్చెక్కువవుతుంది, అడిగితే జనం ఇవ్వరు అన్నాడు. బుట్టకి వేరే డబ్బులు తీసుకో బాబూ, నేనైతే ఇస్తాను అన్నాను. కనీసం చిల్లులున్న అట్టపెట్టె అయినా పెట్టాలి. ఈ వీడియో వాళ్లూ చూస్తారు కాబట్టి మళ్లీ అడుగుతున్నాను, దయచేసి ఆ కవర్లు మానేయండి.

పార్కింగ్ లేదు, ఫోన్‌పే ఉంది, పెద్ద రసాలు బాగున్నాయి కానీ పీచెక్కువ. నా మార్కులు పదికి తొమ్మిది, ఆ ఒక్కటీ కవర్ల కోసం ఆపాను. పదింటిలోపు వెళ్లండి, ఆ తర్వాత మామ్మగారు భోజనానికి ఇంట్లోకి వెళ్లిపోతారు, అప్పుడు కోడలు కూర్చుంటుంది. ఆ అమ్మాయి ఇంకా నేర్చుకుంటోంది, రేపటివి చెప్పగలదు గానీ ఎల్లుండివి అత్తగారినే పిలిచి అడుగుతుంది. ఆదివారం నేను మళ్లీ వెళ్తున్నాను, ఈసారి ఐదు డజన్లు, నాన్నగారికి మూడు రోజులకి సరిపడా వేరేగా. మా ఇంట్లో ఉన్న వెదురు బుట్ట కడిగి ఆరబెట్టేశాను.