దొనకొండ దారిలో ఇనుప బంతి

శ్రోతలకు నమస్కారం.

గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్లే రైలుమార్గం ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి భాగాన్ని చీల్చుకుంటూ పోతుంది. కురిచేడు, దొనకొండ, మార్కాపురం రోడ్, కంభం, గిద్దలూరు, ఆపైన నల్లమల. 1876–78 నాటి కరువు తర్వాత, ఇలాంటి మెట్ట ప్రాంతాలకు గింజలు చేరవేయాలన్న ఆలోచనతో పుట్టిన దారి ఇది. 1990 దశకంలో గేజ్ మార్చేదాకా మీటర్ గేజే. పట్టాల మధ్య ఎడం సరిగ్గా వెయ్యి మిల్లీమీటర్లు. బ్రాడ్ గేజ్‌కైతే 1676. అందుకే మార్కాపురం పలకలైనా, మిర్చి బస్తాలైనా బ్రాడ్ గేజ్ మీద దూరం పోవాలంటే గేజ్ మారే చోట ఒక వ్యాగన్లోంచి దింపి మరో వ్యాగన్లోకి ఎక్కించాల్సిందే. స్టేషన్ పేరులో ‘రోడ్’ ఉందంటే, ఊరు స్టేషనుకు కాస్త ఎడంగా ఉందని రైల్వేవారి లెక్క.

అప్పట్లో ఒకే పట్టాల జత. రెండు వైపుల నుంచీ రైళ్లు. ఎదురెదురు పడకుండా కాపాడిందేమిటి?

దక్షిణాది సింగిల్ లైన్లలో ఆ రోజుల్లో బాగా వాడుకలో ఉండిన పద్ధతి నీల్ బాల్ టోకెన్. టోకెన్ అంటే, ముందున్న దారిలోకి పోవచ్చని డ్రైవరు చేతికిచ్చే అనుమతి; ఇక్కడ అది ఒక బంతి. పక్కపక్క స్టేషన్లలో ఒక్కో యంత్రం, రెంటినీ కలుపుతూ తీగ, లోపల ఇనుప బంతులు. దొనకొండ నుంచి పక్క స్టేషను గజ్జెలకొండకు బండి పంపాలనుకోండి. దొనకొండ స్టేషన్ మాస్టరు గంట ఒకసారి కొట్టి పిలుస్తారు. జవాబు వచ్చాక గంట రెండుసార్లు కొడతారు: లైన్ ఇస్తారా అని. అవతలి మాస్టరు ఒప్పుకుని తన పిడిని ‘రైలు వస్తోంది’ వైపు తిప్పితేనే ఇవతలి పిడి ‘రైలు వెళ్తోంది’ వైపు తిరుగుతుంది, బంతి ఒకటి బయటపడుతుంది. ఆ బంతి మళ్లీ ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండో బంతి ఏ వైపు నుంచీ రాదు. బండి కదిలితే గంట మూడుసార్లు, చేరితే నాలుగుసార్లు. గంట ఆరుసార్లు మోగిందంటే ప్రమాదం, దారిలో అడ్డం ఉందని.

బంతి మీద సెక్షన్ పేరు, అంటే ఏ రెండు స్టేషన్ల మధ్య దారో ఆ పేరు, నంబరు చెక్కి ఉంటాయి. డ్రైవరు అవి చదువుకున్నాకే బండి కదపాలి. పక్క సెక్షన్ బంతి పొరపాటున చేతికొచ్చినా ఈ యంత్రంలో దూరదు, దాని కొలత వేరు.

ఆగని బండికి ఈ బంతి అందించడమే అసలు పనితనం. పెద్ద రింగుకు తోలుసంచి కట్టి, అందులో బంతి పెట్టి, పాయింట్స్‌మన్ అనే స్టేషను ఉద్యోగి ప్లాట్‌ఫాం అంచున ఎత్తి పట్టుకుంటాడు. ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ పాత రింగును కిందికి విసిరి, మోచెయ్యి వంచి కొత్త రింగులోకి దూరుస్తాడు. రాత్రివేళ పక్కన కాగడా వెలగాలి, లేకపోతే రింగు కనబడదు. అందుకోలేదా, బండి ఆపాల్సిందే. వేగం ఎక్కువైతే రింగు మోచేతికి గట్టిగా తగులుతుంది. అందుకే అక్కడ వేగం తగ్గించేవారు.

విసిరిన రింగు దొర్లి కంపచెట్లలో పడితే మరో తంటా. బండి క్షేమంగా చేరినా, బంతి దొరికి యంత్రంలో పడేదాకా సెక్షన్ మూసినట్టు కాదు. లాంతరు పట్టుకుని వెతకాలి. వెనక బండికి అంతదాకా బంతి లేదు. తీగ తెగినా, యంత్రం చెడినా కాగితం మీద లైన్ క్లియర్, అంటే దారి ఖాళీ అన్న అనుమతి, రాసి, రెండు స్టేషన్లూ రహస్య అంకెలు మార్చుకుని పంపేవారు. బండ్లు నిదానించేవి కానీ ఆగిపోయేవి కావు.

ఇంకో చిక్కు ఉంది, వినేవారికి తమాషాగా తోస్తుంది. ఒక వైపు బండ్లు ఎక్కువ పోతే బంతులన్నీ ఆ చివర పోగవుతాయి, ఇటు యంత్రం ఖాళీ. మాస్టరు తనంతట తాను సర్దకూడదు. సిగ్నల్ మెయింటెయినర్ తాళం తీసి, లెక్క రాసి, మిగులు బంతుల్ని బండిలో తీసుకొచ్చి ఖాళీ యంత్రంలో నింపి మళ్లీ తాళం వేసేవాడు.