మిషిగన్ జట్టులో చోటు ఎవరికి దక్కింది

సభాధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి యాన్ ఆర్బర్ వెళ్లిన మన పిల్లలు ఇంటికి పంపే ఫొటోల్లో అక్కడి స్టేడియం ఒక్కసారైనా కనిపిస్తుంది. 1,07,601 మంది కూర్చోగల ఆ స్టేడియం అమెరికాలోకెల్లా పెద్దది. అక్కడ ఆడే జట్ల గెలుపుల గురించి గంటల తరబడి చెప్పుకోవచ్చు. అయితే ఈ విశ్వవిద్యాలయ క్రీడాచరిత్రను నేను మరో ప్రశ్న పెట్టుకుని చదివాను. జట్టులో చోటు ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు, దక్కనివారి పక్షాన నిలబడిందెవరు అన్నదే ఆ ప్రశ్న.

మిషిగన్‌లో మొదట మొదలైన జట్టు 1866 నాటి బేస్‌బాల్ జట్టు. 1879 మే 30న షికాగోలో రసీన్ కాలేజీతో తొలి ఫుట్‌బాల్ ఆట ఆడారు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడే ఆట కాదు. కోలబంతిని చేతపట్టి, అడ్డువచ్చేవారిని తోసుకుంటూ అవతలి గీత దాటే ఆట. 1901లో ఫీల్డింగ్ యోస్ట్ కోచ్‌గా వచ్చాక మిషిగన్ పేరు దేశమంతా మారుమోగింది. ఆ ఏడాది ఆయన జట్టు 550 పాయింట్లు సాధించి, ప్రత్యర్థులకు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. 1902 జనవరి 1న పాసడీనాలో స్టాన్‌ఫర్డ్‌ను 49-0తో ఓడించింది. 1903లో మినియాపొలిస్‌లో 6-6తో ముగిసిన ఆట తర్వాత మిషిగన్ వాళ్లు తమ నీళ్ల జాడీని అక్కడే వదిలి వచ్చారు. దొరికిన జాడీని మినిసోటా వాళ్లు దాచుకున్నారు. నాటి నుంచి ఆ రెండు జట్ల ఆటలో గెలిచినవారికి ఆ జాడీయే బహుమతి.

యోస్ట్ తర్వాత క్రీడా విభాగానికి డైరెక్టర్ అయ్యారు. పల్లపు నేలను తవ్వించి 1927లో కట్టించిన స్టేడియానికి ప్రభుత్వం నుంచి డబ్బు తీసుకోకుండా బాండ్లు అమ్మి నిధులు సమకూర్చారు. ఎప్పటికైనా లక్ష మంది పట్టేలా పెంచుకునేందుకు వీలుగా ముందే పునాదులు వేయించారు. జట్లలో లేని మామూలు విద్యార్థుల కోసం 1928లో వేరే క్రీడా భవనాన్నీ, అమ్మాయిల కోసం మరొకదాన్నీ కట్టించారు. ఆటలు అందరికీ అందాలన్నది ఆయన ఆదర్శం. అంతటి దూరదృష్టి గలవాడి ‘అందరి’లో నల్లవారు ఎందుకు లేకపోయారన్నది నన్ను వదలని ప్రశ్న. 1890లో జార్జ్ జువెట్ అనే నల్లజాతి విద్యార్థి మిషిగన్ తరఫున ఫుట్‌బాల్ ఆడాడు. 1892లో అతని ఆట ముగిశాక, మరో నల్లజాతి ఆటగాడు ఆ జట్టులో స్థానం సంపాదించడానికి 40 ఏళ్లు పట్టింది. పరుగు, దూకుడు పోటీల్లో తలుపులు కొంత ముందే తెరుచుకున్నాయి. మిషిగన్ విద్యార్థి డిహార్ట్ హబ్బర్డ్ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో లాంగ్‌జంప్ స్వర్ణం గెలిచి, వ్యక్తిగత పోటీలో ఒలింపిక్ స్వర్ణం సాధించిన తొలి నల్లజాతి అమెరికన్ అయ్యాడు.

ఫుట్‌బాల్‌లో ఆ 40 ఏళ్ల నిషేధాన్ని దాటి వచ్చినవాడు విల్లిస్ వార్డ్. కోచ్ హ్యారీ కిప్కీ పట్టుబట్టి 1932లో అతన్ని ఆడించాడు. 1934 అక్టోబరు 20న, నల్లవారిని వేరుగా ఉంచే అమెరికా దక్షిణాది నుంచి జార్జియా టెక్ జట్టు యాన్ ఆర్బర్ రావాల్సి ఉంది. మైదానంలో నల్లజాతి ఆటగాడుంటే తాము దిగేది లేదని వాళ్లు ముందే తెగేసి చెప్పారు. విషయం పొక్కగానే విద్యార్థులు, అధ్యాపకులు వార్డ్‌ను ఆడించాల్సిందేనని సంతకాలు సేకరించారు, సభలు పెట్టారు. ఆట మధ్యలో మైదానంలోకి వెళ్లి బైఠాయిస్తామన్నవారూ ఉన్నారు. యోస్ట్ మాత్రం ఈ నిరసనకారుల గుట్టు తెలుసుకోవడానికి ఒక ప్రైవేటు డిటెక్టివును నియమించారు. చివరికి వార్డ్‌ను పక్కన పెట్టారు. దానికి బదులుగా జార్జియా టెక్ కూడా తన ఆటగాడొకణ్ని ఆడించకుండా కూర్చోబెట్టింది. ఒకరికి ఒకరు సరిపోయారని లెక్క వేసుకోవడం నాకు ఆ ఉదంతం మొత్తంలో అన్నిటికంటే బాధ కలిగించే విషయం. ఒకణ్ని ఆపింది ఒప్పందం, ఇంకొకణ్ని ఆపింది వాడి ఒంటి రంగు. ఈ రెండూ సమానం ఎలా అవుతాయి?

వార్డ్‌కు ఆ జట్టులో ఆప్తమిత్రుడు జెరాల్డ్ ఫోర్డ్, తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన ఫోర్డే. మిత్రుణ్ని పక్కన పెడితే తానూ ఆడనని అనుకున్నాననీ, ఆడమని వార్డే చెప్పడంతో మైదానంలోకి దిగాననీ ఆయన తర్వాత చెప్పుకున్నారు. మిషిగన్ 9-2తో గెలిచింది. ఎనిమిది ఆటల ఆ సీజన్‌లో వాళ్లకు దక్కిన గెలుపు అదొక్కటే. వార్డ్‌కు మాత్రం ఆటల మీద మనసు విరిగిపోయింది. పరుగుపందెంలో నల్లజాతి మేటి క్రీడాకారుడు జెస్సీ ఓవెన్స్‌నే ఓడించినవాడు 1936 ఒలింపిక్స్ కోసం గట్టిగా ప్రయత్నించలేదు. న్యాయశాస్త్రం చదివి, డెట్రాయిట్‌లో న్యాయమూర్తిగా పనిచేశాడు. 1999లో, విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో జాతిని పరిగణించడంపై కోర్టు వివాదం నడుస్తున్నప్పుడు, ఫోర్డ్ విశ్వవిద్యాలయాన్ని సమర్థిస్తూ న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసి, 65 ఏళ్ల నాటి ఆ అన్యాయాన్ని గుర్తుచేశారు.

ఆ ఆట జరిగిన ఏడు నెలలకు, 1935 మే 25న, అదే యాన్ ఆర్బర్‌లోని ఫెర్రీ ఫీల్డ్‌లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున దిగిన ఓవెన్స్ ముప్పావు గంటలో మూడు ప్రపంచ రికార్డులు బద్దలుకొట్టి, నాలుగోదాన్ని సమం చేశాడు. నొప్పిపెడుతున్న నడుముతో ఒకే ఒక్కసారి దూకిన 8.13 మీటర్ల దూకుడు 25 ఏళ్లు చెక్కుచెదరలేదు. అంతటివాడికి తన విశ్వవిద్యాలయ ఆవరణలో ఉండే అవకాశం లేదు, బయట గది తీసుకుని ఉండాల్సి వచ్చింది.

ఇక అమ్మాయిల సంగతి. 1928లోనే వాళ్లకు భవనం ఉన్నా, ఇతర విశ్వవిద్యాలయాలతో పోటీపడే జట్లు మాత్రం లేవు. చదువులో స్త్రీపురుష వివక్ష కూడదంటూ 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చిన మరుసటి ఏడాది మిషిగన్ బాస్కెట్‌బాల్, హాకీ, ఈత, టెన్నిస్ వంటి ఆరు మహిళా జట్లను ఏర్పాటు చేసింది. బేస్‌బాల్‌ను పోలిన సాఫ్ట్‌బాల్ ఆటకు కోచ్ అయిన క్యారల్ హచిన్స్ కథ ఇక్కడ చెప్పాలి. ఆమె మిషిగన్ స్టేట్ అనే వేరే విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ ఆడుతున్న రోజుల్లో, పురుషుల జట్టుకు ఇచ్చిన భోజన భత్యం, గది వసతి తమకూ ఇవ్వాలని సహచరులతో కలిసి 1979లో తన విశ్వవిద్యాలయం మీదే కోర్టుకెక్కారు. 1985లో మిషిగన్‌లో ప్రధాన కోచ్ అయ్యారు. 2005 జాతీయ ఫైనల్లో కాలిఫోర్నియాకు చెందిన యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయంతో నిర్ణాయక ఆట పదో ఇన్నింగ్స్ దాకా సాగింది. మొదటి సంవత్సరం విద్యార్థిని సమంతా ఫిండ్లే కొట్టిన హోమ్‌రన్‌తో మిషిగన్ 4-1తో గెలిచింది. మిసిసిపి నదికి తూర్పున ఉన్న ఏ విశ్వవిద్యాలయమూ అంతకుముందు ఆ టైటిల్ గెలవలేదు.

జట్టులో చోటు దక్కినంత మాత్రాన క్రీడాకారుడి మాటకు విలువ దక్కినట్టు కాదు. దశాబ్దాల పాటు తమ మీద లైంగిక అకృత్యాలకు పాల్పడ్డ జట్టు వైద్యుడి గురించి మిషిగన్ ఆటగాళ్లు చెప్పినా పట్టించుకోలేదు. వెయ్యి మందికి పైగా బాధితులకు 49 కోట్ల డాలర్లు చెల్లించడానికి విశ్వవిద్యాలయం అంగీకరించింది 2022లో. స్టేడియం నిండిందని సంబరపడే మనం ఈ అంకెను కూడా గుర్తుపెట్టుకోవాలి.

2021 జూలై నుంచి విద్యార్థి క్రీడాకారులు ప్రకటనల వంటివాటిలో తమ పేరును వాడుకోనిచ్చి డబ్బు సంపాదించుకోవచ్చు. క్రీడాకారులు వేసిన దావాలో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ ప్రకారం విశ్వవిద్యాలయాలు వాళ్లకు నేరుగా ఆదాయంలో వాటా ఇవ్వవచ్చు. లక్ష మందిని స్టేడియానికి రప్పించిన ఆటగాడికి ఏమీ ఇవ్వకపోవడం ఇన్నేళ్లు ఎలా చెల్లిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అయితే అదే రాజీలో గతంలో ఆడినవారికి పాత బకాయిల కింద పంచే సొమ్ములో అత్యధిక భాగం ఫుట్‌బాల్‌కూ పురుషుల బాస్కెట్‌బాల్‌కూ పోతోందనీ, ఇది టైటిల్ నైన్‌కు విరుద్ధమనీ ఎనిమిది మంది మహిళా క్రీడాకారిణులు ఆ వారంలోనే అప్పీలుకు వెళ్లారు.