ట్రామ్ దాటే సరిహద్దును ఆర్డరు ఎందుకు దాటలేకపోయింది? ఐరోపాలో జియో బ్లాకింగ్ కథ

[తెరపై: రైన్ నది వంతెన మీదుగా సాగుతున్న ట్రామ్]

నమస్కారం. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో ఎక్కిన ట్రామ్ రైన్ నదిని దాటి జర్మనీలోని కేల్ పట్టణానికి చేరుస్తుంది. 2017 నుంచి ఈ ట్రామ్ సరిహద్దు దాటి నడుస్తోంది. స్ట్రాస్‌బోర్గ్‌లో ఉండే ఒకామె కేల్‌లోని దుకాణానికి వెళ్లి కాఫీ యంత్రం కావాలంటే, దుకాణదారు ఆమెది ఏ దేశమని అడగడు. డబ్బు తీసుకుని వస్తువు చేతికిస్తాడు. అదే యంత్రాన్ని ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో కొనబోతే మాత్రం చాలాకాలం పాటు ఆమెకు దారి మూసుకుపోయేది. కొనేవారు ఏ దేశంలో ఉన్నారో, ఏ దేశానికి చెందినవారో చూసి అమ్మకాన్ని గానీ, వీక్షణను గానీ నిరాకరించడాన్నే జియో బ్లాకింగ్ అంటారు. ఒకే విపణిగా ఉంటామని ఒప్పుకున్న 27 దేశాల ఐరోపా సమాఖ్యలో ఈ గోడలు ఎలా లేచాయో, చట్టం వాటిలో వేటిని కూల్చిందో, వేటిని అలాగే వదిలేసిందో ఈ వీడియోలో చూద్దాం.

[తెరపై: ఆర్డరు ఫారం, పిన్‌కోడ్ గడి]

అడ్డు ఎక్కడ పడుతుందో ముందు దగ్గర నుంచి చూద్దాం. జర్మనీలో ఉంటున్న ఒకరు పోలండ్ దుకాణం వెబ్‌సైట్‌లో వస్తువును ఎంచుకుని చిరునామా పేజీకి వచ్చారనుకుందాం. పోలండ్ పిన్‌కోడ్‌లో రెండంకెలు, ఒక చిన్న గీత, ఆ తర్వాత మూడంకెలు ఉంటాయి. జర్మనీ పిన్‌కోడ్‌లో ఐదంకెలూ గీత లేకుండా వరుసగా ఉంటాయి. పోలండ్ పద్ధతిని మాత్రమే గుర్తించేలా తయారుచేసిన గడిలో జర్మనీ అంకెలు వేస్తే, పిన్‌కోడ్ తప్పు అని ఎర్రటి అక్షరాలు వస్తాయి, కొనుగోలు అక్కడితో సరి. కాదనే మాట ఎవరూ నోటితో చెప్పరు, ఆ చిన్న గడే చెప్పేస్తుంది. కొన్ని సైట్లు మన ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే సంఖ్య, అంటే ఐపీ అడ్రస్‌ను బట్టి దేశాన్ని పసిగట్టి, మనం అడగకుండానే మన దేశపు సైట్‌కు మళ్లిస్తాయి. అక్కడ అదే వస్తువు ధర వేరుగా ఉండవచ్చు. మరికొన్ని చివరిదాకా రానిచ్చి, కార్డు వేరే దేశంలో జారీ అయిందని డబ్బు తీసుకోవడానికి ఒప్పుకోవు.

2015లో ఐరోపా సమాఖ్య పాలనా విభాగమైన ఐరోపా కమిషన్ మామూలు కొనుగోలుదారుల్లా వ్యవహరించే పరీక్షకులను పెట్టి 10 వేలకు పైగా వెబ్‌సైట్లను పరిశీలించింది. మరో సభ్యదేశం నుంచి మొదలుపెట్టిన కొనుగోలు చివరిదాకా సాగినవి 37 శాతమే. వ్యాపారులు చెప్పే కారణాల్లో కొన్ని నిజమైనవే. దేశానికో పన్ను రేటు, దూరం పెరిగేకొద్దీ పెరిగే రవాణా ఖర్చు, వాపసు వచ్చే సరుకు భారం చిన్న దుకాణానికి తేలిక కాదు. అయితే అన్ని గోడలూ ఇబ్బంది వల్ల లేచినవి కావు, ధరలను విడివిడిగా నిలబెట్టడానికి కట్టినవీ ఉన్నాయి. దుస్తుల కంపెనీ గెస్ తన చిల్లర వర్తకులు పొరుగు దేశాల వారికి అమ్మకుండా, అక్కడ ప్రకటనలు ఇవ్వకుండా ఒప్పందాలతో కట్టడి చేసింది. తూర్పు, మధ్య ఐరోపా దేశాల్లో ఆ కంపెనీ సరుకు ధరలు పశ్చిమ ఐరోపా కంటే సగటున 5 నుంచి 10 శాతం ఎక్కువగా ఉన్నాయని తేలింది. 2018 డిసెంబరులో కమిషన్ ఆ కంపెనీకి దాదాపు 4 కోట్ల యూరోల జరిమానా విధించింది. సగటు ఆదాయాలు తక్కువగా ఉన్న దేశాల వారి చేతే ఎక్కువ ధర కట్టించడం ఈ వ్యవహారంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించే విషయం.

[తెరపై: 2018 డిసెంబరు 3]

అదే నెల 3వ తేదీ నుంచి జియో బ్లాకింగ్ నియంత్రణ చట్టం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం, స్పష్టమైన సమ్మతి లేకుండా కొనుగోలుదారును మరో సైట్‌కు మళ్లించకూడదు. సమ్మతించి వెళ్లినా మొదటి సైట్ అందుబాటులోనే ఉండాలి. ఒక రకం కార్డును అంగీకరించే వ్యాపారి, అదే రకం కార్డు మరో సభ్యదేశంలో జారీ అయిందన్న కారణంతో తిరస్కరించకూడదు. హోటల్ గది, అద్దె కారు, వినోద పార్కు టికెట్ వంటి వాటికి ఆ సైట్‌లో స్థానికులకు వర్తించే షరతులే బయటి దేశం వారికీ వర్తించాలి. దేశానికో సైట్ పెట్టి వేర్వేరు ధరలు ఉంచడాన్ని ఈ చట్టం నిషేధించలేదు. ఏ సైట్‌లోనైనా కొనే హక్కును మాత్రం ఇచ్చింది. జర్మనీలోనో, ఐర్లండ్‌లోనో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. సమాఖ్యలో నివాసం ఉంటే చాలు, భారతీయ పౌరసత్వం ఉన్నా ఈ రక్షణ వర్తిస్తుంది.

ఇక చట్టంలోని పెద్ద లోటు దగ్గరకు వద్దాం. అమ్మి తీరాలని చెప్పిన చట్టం, ఇంటికి చేర్చి తీరాలని చెప్పలేదు. వ్యాపారి తాను సరుకు పంపే దేశాల్లోని ఒక చిరునామాకు పంపితే సరిపోతుంది, అక్కడి నుంచి తెచ్చుకునే బాధ్యత కొన్నవారిది. కేల్ దాకా ట్రామ్‌లో వెళ్లి పార్సెల్ తెచ్చుకోగల స్ట్రాస్‌బోర్గ్ వాసికి ఇది గొప్ప హక్కే. సముద్రం మధ్య ఉన్న మాల్టాలో నివసించే కుటుంబం ఇటలీ దుకాణంలో వాషింగ్ మెషీన్ కొంటే ఈ హక్కును ఎలా వాడుకోవాలి? సరిహద్దుకు దగ్గరగా ఉన్నవారికి, దూరంగా ఉన్నవారికి ఒకే చట్టం ఇంత తేడాగా పనిచేయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

[తెరపై: "ఈ వీడియో మీ దేశంలో అందుబాటులో లేదు"]

ఈ వాక్యం చూడని వారు మనలో తక్కువ. సినిమాలు, సీరియళ్లు, క్రీడా ప్రసారాలు ఈ చట్టం పరిధిలోకే రావు. దీనికి కారణం తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఓవర్సీస్ అంటూ ఏరియాల వారీగా హక్కులు అమ్మి, ఆ సొమ్ముతో నిర్మాణం పూర్తిచేసే పద్ధతి మనకు బాగా తెలిసిందే. ఐరోపాలోనూ నిర్మాతలు దేశాల వారీగా హక్కులను ముందుగా అమ్మి పెట్టుబడి సమకూర్చుకుంటారు. చిన్న భాషల సినిమా ఆ సొమ్ము మీదే బతుకుతోంది కాబట్టి, ఆ గోడను ఒక్కసారిగా పడగొట్టమని నేను అనలేను. కానీ ఈ-పుస్తకాలకు, పాటలకు, ఆటల సాఫ్ట్‌వేర్‌కు కూడా సమానంగా కొనే హక్కు నుంచి మినహాయింపు ఇచ్చారు. పూర్తయి అమ్మకానికి ఉన్న ఈ-పుస్తకాన్ని పొరుగు దేశపు పాఠకుడికి నిరాకరించడానికి నాకైతే తగిన కారణం కనిపించదు.

కొంత ఊరట ప్రయాణికులకు ఉంది. 2018 ఏప్రిల్ 1 నుంచి, సొంత దేశంలో డబ్బు కట్టి తీసుకున్న ఓటీటీ సేవను సమాఖ్యలోని మరో దేశంలో తాత్కాలికంగా ఉన్నప్పుడు కూడా అదే విధంగా చూడవచ్చు. ఇది సభ్యదేశాల్లో నివసించేవారు అక్కడ తీసుకున్న సేవలకే పరిమితం. హైదరాబాద్‌లో తీసుకున్న చందాను బెర్లిన్‌కు తీసుకెళ్లే హక్కు దీనివల్ల రాదు.

కాపీరైట్ పేరు చెప్పినంత మాత్రాన ప్రతి గోడా చెల్లదని తేల్చిన కేసు కూడా ఒకటుంది. స్టీమ్ అనే ఆటల వేదికను నడిపే వాల్వ్ సంస్థ, మరో ఐదు ప్రచురణ సంస్థలు కలిసి దాదాపు 100 కంప్యూటర్ ఆటలకు ప్రాంతీయ తాళాలు వేశాయి. పోలండ్, హంగరీ, రొమేనియా వంటి దేశాల్లో కొన్న, ఆటను తెరిచే కోడ్‌ను నిర్దేశించిన దేశాల బయట టైప్ చేస్తే ఆట తెరుచుకునేది కాదు. 2021 జనవరిలో కమిషన్ వ్యాపార పోటీని కాపాడే చట్టం కింద ఆరు సంస్థలకూ కలిపి 78 లక్షల యూరోల జరిమానా వేసింది. వాల్వ్ కోర్టుకెక్కగా, 2023 సెప్టెంబరు 27న సమాఖ్య జనరల్ కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. కాపీరైట్ ఉన్నది హక్కుదారుకు తన కృతిని వాణిజ్యపరంగా వాడుకునే అవకాశం కల్పించడానికే తప్ప, సాధ్యమైనంత ఎక్కువ ప్రతిఫలానికి హామీ ఇవ్వడానికి కాదని తీర్పు సారాంశం.

[తెరపై: మళ్లీ కేల్ పట్టణం]

ఐరోపాలో ఉంటూ ఇలాంటి అడ్డు ఎదురైతే ఏం చేయాలి? ప్రతి సభ్యదేశంలోనూ ఐరోపా వినియోగదారుల కేంద్రం ఉంటుంది, దాని సేవ ఉచితం. జర్మనీ, ఫ్రాన్స్‌ల కేంద్రాలు రెండూ మనం మొదట చూసిన కేల్‌లోనే, ఒకే సంస్థ ఆధ్వర్యంలో పనిచేస్తున్నాయి. ఫిర్యాదు పంపే ముందు, వెబ్‌సైట్ తిరస్కరించిన పేజీని తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆ సైట్ ఏ దేశాలకు సరుకు పంపుతుందో రాసి ఉన్న పేజీని కూడా తీసుకోండి, ఎందుకంటే వ్యాపారి అమ్మనన్నాడా, లేక మీ ఇంటికి పంపనని మాత్రమే అన్నాడా అన్నది తేల్చేది ఆ రెండో పేజీయే.